కింద బారు, పైన లాంజ్

పలాసలో మాకొక బారుంది. పెళ్లయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఆ బారు మీదే బతికాం. పిల్లల చదువులూ దాని మీదే అయ్యాయి. కానీ మొన్నమొన్నటిదాకా నేను దాని గుమ్మం తొక్కలేదు.

మా ఇంట్లో దాన్ని బారు అనే అలవాటే లేదు. షాపు అనేవాళ్లం. "షాపుకెళ్లాడు", "షాపు నుంచి ఫోనొచ్చింది", అంతే. ఒకసారి పక్కింట్లో కొత్తగా దిగినావిడ మాది బట్టల షాపనుకుని, దసరాకి తగ్గింపు ఏమైనా ఇస్తన్నారా అని అడిగింది. నవ్వాపుకోలేక పోపు మాడుతోందని చెప్పి లోపలికి పారిపోయాను.

నాకు షాపు తెలిసింది రెండింటివల్ల. మొదటిది మా ఆయన చొక్కా. సిగరెట్టు పొగ, వేపుళ్ల నూనె, బాత్రూముల్లో కొట్టే సెంటు, మూడూ కలిసిన వాసనొకటి దానికి పట్టేసి ఉండేది. రెండోది నెత్తళ్ల వేపుడు కారం. ఎండుమిర్చి, ధనియాలు, వెల్లుల్లి, కాస్త వాము వేసి మా అమ్మమ్మ నందిగాంలో కొట్టే కారం అది. మా ఇంట్లోనే కొట్టి పొద్దున్నే స్టీలు డబ్బాలో షాపుకి పంపేదాన్ని. సాయంత్రానికి ఖాళీ డబ్బా తిరిగొచ్చేది. ఆ మధ్యలో నా కారం ఎవరి పళ్లెంలో పడుతుందో, తిన్నవాళ్లు ఏమంటారో నాకు తెలిసేది కాదు.

మా ఆయన నాకు మేనత్త కొడుకే. పెళ్లయ్యాక కూడా బావా అనే పిలుస్తాను. వాళ్లది నిమ్మాడ దగ్గర వ్యవసాయ కుటుంబం. పొలాలు అన్నదమ్ములకి వదిలేసి తను పలాస వచ్చి ఈ వ్యాపారంలో దిగాడు. అత్త మాతోనే ఉంటుంది. బారు మీద వచ్చిన అన్నమే తింటూ బారు అనే మాట చెవిన పడితే మొహం చిట్లించుకుంటుంది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర బావ అన్నాడు, "పైన మేడ ఊరికే పడుంది గదా. అక్కడ లాంజ్ పెడదామనుకుంటన్నాను."

అత్త చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "లాడ్జీయా? బారు సాలక లాడ్జీ కూడానేట్రా? రేపట్నుంచి నాను గుడికెలగెల్తాను?"

"లాడ్జీ కాదే అమ్మా, లాంజ్. సోఫాలుంటాయి. సన్నగా పాటలొస్తంటాయి. ఆడా మగా వచ్చి కూర్చుని మాటాడుకుంటారు."

"అదేరా మరి, లాడ్జంటే," అంది అత్త.

నవ్వొస్తే పొలమారుతుందని నేను గబగబా మంచినీళ్లు తాగాను.

బావ ఆలోచన ఉత్తుత్తిదేమీ కాదు. జీడిపప్పు కొనడానికి పై ఊళ్ల నుంచి వ్యాపారస్తులు రైలు దిగుతారు. బేరం మాట్లాడుకోడానికి నెమ్మదైన చోటేదైనా ఉందా అని వాళ్లడుగుతారు. మా షాపులోనేమో ఆ గోలలో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఏదో శుభకార్యానికి విశాఖపట్నం వెళ్లినప్పుడు ఎవరో బావని లాంజ్‌కి తీసుకెళ్లారట. అప్పట్నుంచి మనసు దాని మీదే ఉంది.

"సోఫాలు, పరదాలు ఎంచడం నాకు తెలీదు. నువ్వొచ్చి ఒకసారి సూడు," అన్నాడు.

సరేనని మర్నాడే ఇద్దరం రైలెక్కాం. పట్టుచీర కట్టుకోనా, నేత చీర కట్టుకోనా అని పొద్దున్నంతా తర్జనభర్జన పడ్డాను. తాగే చోటికి వెళ్లేటప్పుడు ఏం కట్టుకోవాలో మా అమ్మ నాకు చెప్పలేదు మరి.

ఆ లాంజ్ సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో, మేడ మీద ఉంది. తలుపు తీసుకుని లోపలికి వెళ్తూ కొంగు సర్దుకున్నాను. అందరూ తలలు తిప్పి చూస్తారనుకున్నాను. ఒక్కరూ చూడలేదు. నా వయసు ఆడవాళ్లే నలుగురు ఒక మూల కూర్చుని ఫోనులో ఎవరి మనవడివో ఫొటోలు చూసుకుంటున్నారు. ఒకావిడ చేతిలో ఎర్రటి వైను గ్లాసుంది. దాన్ని మజ్జిగ గ్లాసులా ధీమాగా పట్టుకుని కూర్చుంది.

మేము సోఫాలో కూర్చున్నాం. కూర్చున్నాం అనడం కంటే మునిగాం అనాలి. మోకాళ్లు పైకొచ్చాయి, బల్లేమో మోకాళ్ల కిందికి పోయింది. వెలుతురెంత తక్కువంటే బావ ఫోను లైటేసి మెనూ చదివాడు. నాకు జామపండు రసం తెప్పించాడు. గ్లాసు అంచు చుట్టూ ఉప్పూ కారం అద్దారు. చిన్నప్పుడు బడి దగ్గర జామకాయకి రాసుకుని తిన్న రుచే, కాకపోతే కూర్చుని తాగుతున్నాం. బావకి విస్కీలో లడ్డూ అంత ఐసు ముక్క ఒకటి వేసి తెచ్చారు.

"మన దగ్గర ఇలగిస్తే ఐసు ఎంత, సరుకు ఎంత అని గ్లాసు ఎత్తి సూత్తారు," అని చెవిలో గొణిగాడు.

తిరుగు రైల్లో నా ముచ్చట్లకి అంతులేదు. పరదాలు ముదురాకుపచ్చవైతే బాగుంటాయి, గోడకి పెద్ద అద్దం పెట్టాలి, ఆ సోఫాలు మాత్రం అంత లోతు వద్దు. బావ అన్నింటికీ తలూపుతున్నాడు. కొత్తవలస దాటాక నాకొక సంగతి తట్టింది.

"బావా, విశాఖపట్నంలో లాంజ్ చూసాను. పలాసలో మన షాపే చూళ్లేదు. దీనికీ దానికీ తేడా ఏటో నాకెలగ తెలుస్తాది?"

బావ కిటికీ వైపు తిరిగాడు. "నిజమే," అన్నాడు. "ఎప్పుడూ అడగనేదు గదా నువ్వు."

"ఎప్పుడూ రమ్మననేదు గదా నువ్వు."

ఆ ఆదివారం మధ్యాహ్నం నన్ను షాపుకి తీసుకెళ్లాడు. ఎవరూ లేనప్పుడు చూపిస్తానన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. ఖాళీ సినిమా హాలు చూస్తే సినిమా చూసినట్టవుతుందా?

తలుపు తీయగానే ముందు గోల వచ్చి మొహానికి తగిలింది. టీవీలో క్రికెట్టు, దాని మీద జనం, జనం మీద వంటింటి చప్పుడు. పగలే ట్యూబులైట్లు భగభగా వెలుగుతున్నాయి. రాతి పలకల బల్లలు, నిటారు కుర్చీలు. అందరూ మోచేతులు బల్ల మీద ఆనించి ముందుకు వంగి మాట్లాడుకుంటున్నారు. అంతలో నన్ను చూశారు. హెడ్మాస్టరు క్లాసులోకి వచ్చినట్టు గది గదంతా చప్పుడు ఆగిపోయింది. టీవీలో కామెంటరీ ఒక్కటే మిగిలింది. ఒకతను గ్లాసు బల్ల కింద పెట్టేశాడు. ఇంకొకతను లేచి నిలబడ్డాడు, ఎందుకు నిలబడ్డాడో అతనికే తెలీదు. మూలబల్ల దగ్గర మా నందిగాం చిన్నాన్న వరసాయన ఒకడు గోడ వైపు తిరిగిపోయాడు.

నేనే దగ్గరికెళ్లి పలకరించాను. "బాగున్నావా చిన్నాన్నా?"

"ఇదేటమ్మా, ఇలగొచ్చీసినావు?"

"మాదే కదా షాపు."

"నిజమే," అని ఒప్పుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ పిన్నికి సెప్పకు," అన్నాడు.

బావ నన్ను గోడవారగా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. కాసేపు అందరూ బుద్ధిమంతుల్లా గుసగుసలాడారు. అంతలో టీవీలో మనవాడెవడో సిక్సు కొట్టాడు. ఇంక నేనున్న సంగతే మరిచిపోయి ఒక్కసారి ఓ అని అరిచారు. అప్పుడు చూశాను అసలు బారుని. ఈ బల్ల వాళ్లు మొదలెట్టిన మాటకి ఆ బల్ల వాళ్లు జవాబిస్తారు. చేపల వేటకెళ్లని రోజని వజ్రపుకొత్తూరు వైపు నుంచి పడవ మనుషులు వచ్చారు. వాళ్ల పక్కనే లారీ డ్రైవరు, ఆ పక్కన కొబ్బరి వ్యాపారం చేసే ఆసామి. ఒకరి పేరొకరికి తెలీదు. అయినా సముద్రంలో పడిన చేపల గురించి, టెక్కలి రోడ్డు గతుకుల గురించి, ఒకాయన అల్లుడి పొగరు గురించి అందరూ కలిసే తీర్పులిచ్చేస్తున్నారు. విశాఖపట్నంలో మాట సోఫా దాటి వెళ్లలేదు. ఇక్కడ మాటకి బల్ల అడ్డే కాదు.

వంటాయన నెత్తళ్ల వేపుడు నా ముందు పెట్టాడు. పళ్లెం చుట్టూ ఉల్లిపాయ చక్రాలు, మధ్యలో నిమ్మచెక్క, పైన వేయించిన కరివేపాకు. నా కారం చివరికి ఎలా తయారవుతుందో మొదటిసారి చూశాను. ఒకటి నోట్లో వేసుకునేలోపల పక్కబల్ల మీది పడవ మనిషి ఆ కారం నాదని ఎరక్కుండానే అన్నాడు, "తినమ్మా, తిను. సేపలు పట్టేది మేవే గానీ, ఈ రుసి మా ఇంట్లో రాదు. ఆ కారం ఎవులు కొడతారో ఆ తల్లి సేతికి దండవెట్టాల."

బావ నా వైపు చూశాడు. నేను తల వంచుకుని పళ్లెం మొత్తం ఖాళీ చేశాను. ఇంటికొచ్చాక కూడా నా మొహం మీది నవ్వు పోకపోతే అత్త అడిగింది, ఏటే అయింది నీకు అని.

నేను ఎంచిన ముదురాకుపచ్చ పరదాలతో, నేను వద్దన్నా బావ తెప్పించిన లోతు సోఫాలతో మేడ మీద లాంజ్ తెరిచాం. మొదట్లో కొత్తవాళ్లెవరూ రాలేదు. బావ మీద అభిమానం కొద్దీ కింది వాళ్లే గుంపుగా పైకొచ్చారు. సోఫాల్లో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ఆనుకుంటే బల్ల అందదు, ముందుకు జరిగితే సోఫా వెనక్కి లాగుతుంది. ఒకాయన పల్లీలు అందుకోబోయి గ్లాసు తన్నేశాడు.

"డాక్టరుగారి కోసం కూకున్నట్టుంది బాబూ. లైటెయ్యు కాస్త, ఎవులు మాటాడతన్నారో కనపడ్డంనేదు," అన్నాడు ఇంకొకాయన.

ఆ సాయంత్రమే గ్లాసులు చేతబట్టుకుని వరసగా మెట్లు దిగి వెళ్లిపోయారు. కాలేజీ పిల్లలు కొందరు వచ్చి ఒక్క నిమ్మరసం ముందు పెట్టుకుని పెద్దద్దంలో అరవై రకాల ఫొటోలు తీసుకుని వెళ్లారు. టెక్కలి ఆఫీసర్లు ఒకసారి వచ్చారు, మళ్లీ రాలేదు. బావ ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. "అందరూ పరదాలు బాగున్నాయంటన్నారు," అని నాకు చెప్పేవాడు, ఓదార్పు నాకో తనకో తెలీకుండా.

మా ఇంటికీ, షాపు వంటింటికీ చేపలు తెచ్చే ఒకావిడ ఉంది. ఉద్దానం తీరంలో పల్లె వాళ్లది. మా అత్త కంటే కాస్త చిన్నదేమో. నేను అప్పా అని పిలుస్తాను, మా వైపు అప్పంటే అక్క. పొద్దున్నే మొదటి ఆటోలో తట్టతో దిగి, మా గుమ్మంలో టీ తాగితేగానీ బేరం మొదలెట్టదు. ఒకరోజు కోనెం చేప ముక్కలు కోస్తూ కోస్తూ కత్తి ఆపింది.

"అమ్మా, మీ షాపు మీద సోపాలేయించినారంట గదా. ఎవులూ రాటం నేదంట గదా."

"నీకెవరు చెప్పారప్పా?"

"ఊరంతా సెప్తంది. మరేటంటే, మా మనవరాలికి సంబందమొచ్చింది. బారువ పక్క పిల్లడు. మా గుంటేమో టెక్కల్లో నర్సుద్యోగం సేత్తంది గదా, ఆడితో మాటాడితేగానీ సెప్పనంతంది. మా ఇంటికాడేటి మాటాడుకుంతారు? పెళ్లోరు దిగితే ఈదీదంతా కిటికీకాడే ఉంతాది. ఆ సోపాల మీద కూకోబెడదునా?"

ఆ మాట బావకి చెప్తే ఉలిక్కిపడ్డాడు. "బారు మీద పెళ్లిచూపులా? ఎవరైనా వింటే నవ్వరూ?"

"రోజూ ఈగల్ని కూర్చోబెడుతున్నాం కదా బావా. ఒక్కరోజు మనుషుల్ని కూర్చోబెడదాం," అన్నాను.

పెళ్లిచూపుల మధ్యాహ్నం నేను ముందే వెళ్లి లైట్లన్నీ వేయించాను. పక్కమెట్ల మీంచి పెళ్లివారు పైకొచ్చారు. పిల్లాడు, వాళ్ల అమ్మానాన్నలు, ఒక ముసలి తాత. తాత జీవితమంతా సముద్రం మీద గడిపిన మనిషి, కర్రలా బిగువుగా ఉన్నాడు. ఇటు అప్ప, ఆవిడ కూతురు, మనవరాలు. పిల్లనీ పిల్లాడినీ కిటికీ దగ్గర మూల సోఫాలో కూర్చోబెట్టాను. మిగతావాళ్లకి ఇటు వైపు సోఫాలు. పాటలు సన్నగా పెట్టాం. మూలన ఏం మాట్లాడుకుంటున్నారో విందామని పిల్లాడి తల్లి మెడ సాచింది గానీ ఒక్క ముక్క వినపడలేదు. ఆ లాంజ్ పెట్టినందుకు మొదటిసారి నాకు సార్థకమనిపించింది.

తాత సోఫాలో దిగబడిపోయాడు. లేవబోయి మళ్లీ పడ్డాడు. "తుపాన్లో పడవైనా ఇంతకన్నా నిలకడగా ఉంతాది," అన్నాడు విసుక్కుంటూ. అప్ప మొదట్నుంచీ సోఫా ఎక్కనేలేదు. కార్పెట్టు మీద కూర్చుని సోఫాకి వీపు ఆనించింది. "ఇలగ కూకో మావా, ఇది ఆనుకోడానికి సేసినారు," అంది. తాత జారి కింద కూర్చున్నాడు. చూసి చూసి మిగతావాళ్లూ దిగారు. నెత్తళ్లు, వేయించిన జీడిపప్పు పళ్లేలు మధ్యలో పెట్టేసరికి, సోఫాలన్నీ వెనక గోడల్లా మిగిలి, పెద్దలంతా చాప మీద కూర్చున్నట్టు గుండ్రంగా కూర్చున్నారు.

బావ కాఫీలు తెప్పించాడు. అప్ప కప్పు వైపు చూసింది.

"బాబూ, కిందున్నది బారే గదా?"

"బారే అప్పా."

"మరి కాపీ ఏటి? కాపీ తాగితే సంబందం గట్టిపడతాదేటి? సల్లటి బీరు తే. మావకీ ఒకటి తే."

బావ నా వైపు చూశాడు. నేను పిల్లాడి తల్లి వైపు చూశాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "తెండి బాబూ, మా మావగారు ఇందాకట్నుంచి అదే వాసన సూత్తన్నారు," అంది. బీరు పొడుగుకాళ్ల గ్లాసుల్లో వచ్చింది. అప్ప ఆ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని ఒక గుక్క తాగి, "కల్లంత బాగోదు గానీ సల్లగుంది," అని తీర్పు చెప్పింది.

అంతలో కింద నుంచి మేడ అదిరేలా ఒక కేక వచ్చింది.

"ఏటా గోల?" అన్నాడు తాత.

"క్రికెట్టు తాతా. వికెట్టు పడుంటాది," అన్నాడు బావ.

తాత కళ్లు మెరిశాయి. గ్లాసు పట్టుకుని లేచి, ఇప్పుడే వత్తానని మెట్లు దిగాడు. ఎంతకీ రాలేదు. తీసుకొస్తానని పిల్లాడి తండ్రి వెళ్లాడు. ఆయనా రాలేదు. వాళ్లిద్దర్నీ పిలుచుకొస్తానని బావ వెళ్లాడు. కాసేపటికి చూస్తే పెళ్లికొడుకు పిల్లాడు తప్ప మగాళ్లంతా కింద బారులో, ఆడవాళ్లం పైన లాంజ్‌లో మిగిలాం. ఎవరూ చెప్పకుండానే ఎవరి చోటికి వాళ్లు చేరిపోయారు. నేను కూడా కార్పెట్టు మీద కూర్చున్నాను. అప్ప తన పెళ్లినాడు మొగుడు పడవ దిగి తడిబట్టలతోనే పీటల మీదికొచ్చిన ఊసు చెప్పింది. అందరం కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం.

మూలన ఉన్న ఇద్దరికీ ఇదేదీ పట్టలేదు. నేను జామరసం తీసుకెళ్తే, ఆ పిల్లాడు సెలవులూ డ్యూటీలూ వేళ్ల మీద లెక్కేసి చెప్తున్నాడు, పిల్ల శ్రద్ధగా వింటోంది. చివరికి లేచొచ్చింది.

"ఏటే గుంటా, ఏటంతావు?" అని అడిగింది అప్ప.

"ఇంకోపాలి కలిసి మాటాడతాం మామ్మా."

"ఇంకోపాలా? నాను మీ తాతని పెళ్లినాడే సూసినాను!"

"అందుకే నువ్వు ఇప్పటికీ తిడతన్నావు ఆయన్ని," అంది పిల్ల.

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా అప్పే నవ్వింది.

రెండోసారి కూడా మా లాంజ్‌లోనే కలిశారు, ఈసారి ఇద్దరే. పెళ్లి వేసవిలో, సముద్రం ఒడ్డున అప్ప వాళ్ల పల్లెలో జరిగింది. మేమూ వెళ్లాం. కొబ్బరితోటలో భోజనాలు. బయల్దేరేముందు అత్త రానంది, వచ్చాక మాత్రం తాత పక్కన కూర్చుని రెండుసార్లు చేపల పులుసు వేయించుకుంది.

ఆ ఊసు ఉద్దానమంతా పాకింది. ముందు పెళ్లిచూపులొచ్చాయి, తర్వాత పుట్టినరోజులు. బావ ఒక వైపు సోఫాలు తీయించి ఎత్తు బల్లలూ కుర్చీలూ వేయించాడు. రెండో వైపు కార్పెట్టు అలాగే ఉంచాం, కింద కూర్చోడానికి వచ్చేవాళ్లున్నారు మరి. జీడిపప్పు వ్యాపారస్తులు సాయంత్రాలు వచ్చి నెమ్మదిగా బేరాలు చేసుకుంటారు. బేరం తెగితే కిందికి దిగి గోలగోలగా పండగ చేసుకుంటారు. మధ్యాహ్నాలు పైన చూసుకునేది నేనే. బావకి ఇప్పుడు రెండు పూటలా ఇంటి భోజనం కాదు, షాపు భోజనమే. అయినా ఏమీ అనడు.

మొన్న శనివారం టెక్కలి నుంచి ముగ్గురు టీచర్లు వచ్చారు. ఒకావిడకి హెడ్‌మిస్ట్రెస్ ప్రమోషనట. ముగ్గురూ మెనూ మీద తలలు ఆనించుకుని చాలాసేపు గుసగుసలాడారు. చివరికి కొత్త హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి, "ఏవండీ, వైనులో తియ్యగా ఉండేది ఏదండీ?" అని అడిగింది, తెలుగు వాచకంలో కొత్త పాఠం అడుగుతున్నంత గంభీరంగా.

"నేనూ ఇంకా రుచి చూళ్లేదండీ," అన్నాను.

"అయితే మీరూ కూర్చోండి. నాలుగు గ్లాసులు తెప్పించండి," అంది ఆవిడ, పక్కకి జరిగి చోటిస్తూ.

నేను వంటింటి వైపు కేకేసి చెప్పి, వాళ్ల పక్కన కూర్చున్నాను.